శుక్రవారం మాత్ర

హెబ్రోను గారికి పొద్దున్నే రెండు కావాలి. ఒకటి కాఫీ, రెండోది ఆ కాఫీ చల్లారేలోగా తన జోకు వినే మనిషి. కాఫీ అందకపోయినా సర్దుకుంటారు గానీ, వినేవాళ్లు దొరక్కపోతే మాత్రం ఆయనకు తెల్లవారదు. రిటైరయ్యేదాకా బస్సు కండక్టరుగా అరిచిన గొంతు అది. ఇప్పటికీ చిల్లకూరు హైవే మీద లారీ హారన్ కొట్టిందంటే, ఈయన వరండాలో నుంచి "రైట్ రైట్" అని జవాబివ్వందే ఊరుకోరు.

ఆ మంగళవారం పొద్దున ఆయనకు దొరికిన శ్రోత చిన్నపోలయ్య. చిట్టమూరు అవతల, సరస్సు ఒడ్డు పల్లె నుంచి తొలి బస్సులో వచ్చాడు. భుజం మీద తడి గోనెపట్ట కప్పిన బుట్ట. గేటు దగ్గర చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చాడు.

"ఏంది అబ్బయ్యా, సరస్సునంతా బుట్టకెత్తుకోని వచ్చినావా?"

"రొయ్యలయ్యా. మీకోసరమే తెచ్చినా." చిన్నపోలయ్య బుట్ట దించాడు. "మా అమ్మను దక్కించినారు. మీరు అప్పటికప్పుడు కారులో ఏసుకోని గూడూరు ఆసుపత్రికి పోబట్టి గానీ, లేకుంటే ఆ మనిషి నాకు లేదు."

అంటూనే కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. హెబ్రోను గారు గబుక్కున భుజాలు పట్టి లేపారు.

"కాళ్లు పట్టుకోబాక నాయనా. ఇవి అసలే అంతంతమాత్రం. గట్టిగా పట్టుకున్నావంటే నీ చేతికొచ్చేస్తాయి."

చిన్నపోలయ్య కన్నీళ్లతోనే నవ్వాడు. "ఫోనులో సరిగ్గా వినపడలేదు. ఇంతకీ అమ్మకు ఏమయ్యిందయ్యా ఆ పొద్దు?"

"నీరసం. వయసు గదా."

ఆ మాటను శుక్రవారం నుంచి ఎంతమందికి చెప్పారో, చెప్పగా చెప్పగా అది ఆయనకే నిజంలాగా వినిపించడం మొదలుపెట్టింది. "ప్రేమా, బుట్ట అందుకో. ఈపొద్దు రొయ్యల ఇగురు" అని లోపలికి కేకేశారు.

గుమ్మంలో నిలబడి ఉన్న ప్రేమలీల వెంటనే కదల్లేదు. తర్వాత మెల్లగా వచ్చి, పొయ్యి మీది గిన్నెను వట్టి చేతుల్తో పట్టుకున్నట్టు పట్టుకుని, ఆ బుట్టను లోపలికి తీసుకెళ్లింది.

*

బేతేలు వృద్ధుల ఆశ్రయం పుట్టింది బస్సులోనే. హెబ్రోను గారు కండక్టరుగా ఉన్నప్పుడు కొందరు ముసలివాళ్లు ఎక్కేవాళ్లు. ఎక్కడ దిగాలమ్మా అంటే చెప్పలేరు. చివరి స్టాపు దాకా కూర్చుని, అక్కడా దిగక, మళ్లీ అదే బస్సులో వెనక్కి వచ్చేవాళ్లు. వాళ్ల దగ్గర టిక్కెట్టు ఉండేది, ఊరు మాత్రం ఉండేది కాదు. రిటైరయ్యాక వచ్చిందంతా పెట్టి, చిల్లకూరు దాటాక హైవే పక్కనున్న స్థలంలో ముందు తన ఇల్లు, వెనక పొడుగాటి వరండాతో ఈ ఆశ్రయం కట్టించారు. రెండింటికీ ఒకే వంటిల్లు. ఇక్కడ రోగులూ లేరు, కస్టమర్లూ లేరు, అందరం ఒక కుటుంబం అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. అది ఆయన మనసులోని మాటే.

చిక్కేమిటంటే, ట్రస్టు కూడా కుటుంబమే. చైర్మన్ హెబ్రోను గారు. సెక్రటరీ ప్రేమలీల. ట్రెజరర్ ఆమె తమ్ముడు కిషోర్ బాబు, గూడూరులో టైర్ల షాపు. ఆదివారం ఆరాధనయ్యాక అన్నం దగ్గరే మీటింగు. "కమిటీ అంటే ఏందనుకున్నారు? కమ్... టీ. వచ్చి టీ తాగి పోవడమే" అని చైర్మన్ గారు అంటే, సెక్రటరీ టీ పెట్టేది, ట్రెజరర్ నవ్వేవాడు. ఎజెండా అయిపోయేది.

ఈ టీ పార్టీలోకి కూతురు ఎవాంజెలిన్ వచ్చి పడింది. నెల్లూరులో పెద్దాసుపత్రిలో నర్సు. మా నాన్న కట్టిన చోట నేను పనిచేయకపోతే ఎట్లా అని ఆ ఉద్యోగం మానుకుని వచ్చింది. వచ్చిన మొదటి ఆదివారమే పాలసీలన్నది, ప్రోటోకాలన్నది, ఆడిట్ అన్నది, గవర్నెన్స్ అన్నది.

"ఆడిట్టా? 'ఆడిట్టా, ఈడిట్టా' అని బయటోళ్లు మన గురించి చెప్పుకునేదానికా?" అన్నారు నాన్న. గవర్నెన్స్ అంటే, "ఈ ఇంటికి గవర్నరు మీ అమ్మ. మళ్లీ ఇంకోటెందుకు?" అన్నారు.

ఎవాంజెలిన్‌కు కూడా నవ్వు ఆగేది కాదు. నవ్వేశాక, తను ఏం అడిగిందో తనకే గుర్తుండేది కాదు. ఆ ఇంట్లో ప్రతి ప్రశ్నకూ అదే గతి. ఎవరూ కాదనరు, కసరరు. నవ్వుల్లో ముంచి ఊపిరాడకుండా చేసేస్తారు.

శుక్రవారం ఉపవాస కూడిక మాత్రం ఎవాంజెలిన్‌ను నవ్వనివ్వలేదు. మధ్యాహ్నం ప్రార్థన ముగిసేదాకా ఎవరూ ఏమీ తినరు. "బలవంతమేం లేదు, ఇష్టమున్నోళ్లే" అని చైర్మన్ గారు ప్రతి వారం అందరి ముందూ అడిగేవారు. తమకింత కూడు పెట్టే మనిషి, అందరి ముందూ, నవ్వుతూ అడిగితే ఇష్టం లేదని ఎవరంటారు? సరస్సు పల్లె నుంచి వచ్చిన చిన్నపోలయ్య తల్లి మాలకొండమ్మ అయితే, "శుక్రారం మాకూ ఒక్కపొద్దే గదయ్యా. దేవుడెవరైనా ఆకలి ఒకటే" అని తనే ముందు చెయ్యెత్తేది.

పోయిన గురువారం ఎవాంజెలిన్ ట్రైనింగుకని నెల్లూరు వెళుతూ తండ్రికి చెప్పి వెళ్లింది. షుగరున్నవాళ్లు ఉపవాసం ఉండకూడదు, ఉంటామని పట్టుబడితే పొద్దుటి షుగరు మాత్ర ఇవ్వకూడదు. ఆయాగా పనిచేసే సామ్రాజ్యానికీ చెప్పింది.

శుక్రవారం పొద్దున సామ్రాజ్యం మాత్రల డబ్బా తెరవకుండా నిలబడింది. "పాప ఇయ్యబాకని చెప్పిందయ్యా."

"మాత్ర మాత్రమే గదా మే, భోజనం కాదు గదా" అన్నారు హెబ్రోను గారు. "మాత్ర మింగితే ఉపవాసం చెడదు." అని డబ్బా తను తీసుకుని, ఒక్కొక్కరికీ తలా ఒక జోకుతో, తన చేత్తోనే ఇచ్చారు. ఆయనకు తోచిన సందేహం మాత్రవల్ల ఉపవాసానికి ఏమవుతుందనే. ఉపవాసంలో మాత్రవల్ల మనిషికి ఏమవుతుందో తోచలేదు.

రెండో పాట మధ్యలో మాలకొండమ్మ పక్కకు ఒరిగింది. ఒళ్లంతా చల్లటి చెమట. గూడూరులో డాక్టరు చూసి, షుగరు అడుగంటిందని గ్లూకోజు ఎక్కించాడు. పొద్దు వాలేవేళకు ఆమె కళ్లు తెరిచి, "ఒక్కపొద్దు విడిచినారా అయ్యా?" అని అడిగింది. హెబ్రోను గారు ఆసుపత్రి నడవాలోకి వచ్చి గోడకానుకుని ఏడ్చారు. ఏడ్చి, ముఖం తుడుచుకుని, ఫోను తీసి చిన్నపోలయ్యకు చెప్పారు: నీరసం.

ఆదివారం కమిటీ కూడా టీ తాగుతూ అదే తేల్చింది. కిషోర్ బాబు "నీరసమే బావా" అన్నాడు. సెక్రటరీ తల వంచుకుని గ్లాసులు తీసేసింది.

*

మంగళవారం మధ్యాహ్నం హెబ్రోను గారు కంచం ముందు కూర్చుని ముక్కు ఎగబీల్చారు. ఇగురు వాసన రాలేదు. కంచంలోకి పప్పు వచ్చింది.

"రొయ్యలేవి? ఈది ఎళ్లిపోయినాయా?"

"తిరిగిచ్చేసినా" అంది ప్రేమలీల.

"ఎవరికి?"

"తెచ్చినాయనకే. బస్టాపు దాకా పోయి ఇచ్చేసి వచ్చినా."

హెబ్రోను గారి చెయ్యి పప్పులోనే ఆగిపోయింది. "మతిపోయిందా ప్రేమా? ఆయన ఏమనుకుంటాడు?"

"ఏమీ అనుకోకుండానే అంతా చెప్పేసినా. నీరసం కాదు, మాత్ర అని. ఎవరిచ్చినారో కూడా." ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుస్తూనే ఉంది. "ఆయన రొయ్యలిచ్చినాడు. నేను నిజమిచ్చినా. లోపలికి తెచ్చి ఒలుద్దామని కూచున్నా, చేతులు రాలేదు. తల్లిని మనం పడగొట్టినాం, ఆ బిడ్డ మనకు కూర తెచ్చినాడు. ఆ కూర నేనెట్టా వండేది?"

మంచినీళ్ల చెంబుతో వచ్చిన ఎవాంజెలిన్ గుమ్మంలోనే ఆగింది. ఆ ముఖం చూసి తండ్రికి అర్థమైంది, దానికి ముందే తెలుసునని.

"ఓహో. తల్లీ కూతుళ్లు కలిసే టిక్కెట్టు తీసుకున్నారన్నమాట."

"నాన్నా, అమ్మ నాకు చెప్పింది పొద్దున్నే. నేను..."

"నువ్వు ఊరుకో. నిన్ననేదేం లేదు. నువ్వు నిన్న మొన్న చదువుకోని వచ్చినదానివి, నీకు ఈ ఇల్లూ ఒకటే ఆసుపత్రీ ఒకటే." ఆయన గొంతు తగ్గింది. తగ్గిన ఆ గొంతు ఆ ఇంటికి కొత్త. "ప్రేమా, పెండ్లైన కాడి నుంచి నా బస్సులో కూచున్నావు. గతుకులొచ్చినా దిగలేదు. ఇప్పుడు నడిరోడ్డు మీద దించేసినావే నన్ను."

"మిమ్మల్ని నేను దించలేదండీ. నేనే దిగినా."

"ఎవరితో ఏది చెప్పుకోవాలన్నా నాతో చెప్పుకోవాల గదా. బస్టాపులో చెప్తావా?"

"మీకు చెప్పినా." ప్రేమలీల ఆయన కళ్లలోకి చూసింది. "శనివారం ఆసుపత్రి నుంచి వస్తా కారులో చెప్పినా. చిన్నపోలయ్యకు చెబుదామండీ అని. ఏమన్నారో గుర్తుందా?"

ఆయనకు గుర్తులేదు.

"'చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పులేసుకుంటే దూరం పోతుంది' అన్నారు. డ్రైవరు నవ్వినాడు. నేను కిటికీ పక్కకు తిరిగినా."

ఎవాంజెలిన్ చెంబు కింద పెట్టింది. "గురువారం నేను చెప్పింది గుర్తుందా నాన్నా? మాత్రల ప్రోటోకాలు గురించి?"

"ప్రోటోకాలు ఎందుకే, దేవుడిచ్చిన రెండు కాళ్లు..." అని నోటికొచ్చేసి, మధ్యలో ఆగిపోయారు. జోకు మొత్తం గుర్తుంది. కూతురు చెప్పిన మాట ఒక్కటీ గుర్తు లేదు.

ప్రేమలీల పప్పు గిన్నె మీద మూత పెట్టింది.

"గురువారం సాయంత్రం మీటింగు పెట్టినా" అంది ప్రేమలీల. "సెక్రటరీగా పిలిచినా. చిన్నపోలయ్య వస్తానన్నాడు. మన ఎవా ఎరిగిన డాక్టరమ్మ గూడూరు నుంచి వస్తుంది. వరండాలో ఉండే అందరూ కూచుంటారు. టీ ఉండదు."

హెబ్రోను గారు చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

*

ఇంట్లో మాట్లాడేవాళ్లు లేనప్పుడు ఆయనకు ఉన్న చోటు ఒకటే, అక్క గది. వరండాలో మొదటి గది రెబెక్కమ్మది. అక్క కొడుకు ఇంట్లో ఒకనాడు చూసిన దృశ్యం ఆయన మనసులోంచి ఎప్పుడూ పోలేదు. అందరి భోజనాలయ్యాక ఆమె పెరట్లో, తీగ మీద ఆరేసిన బట్టల చాటున నిలబడి, చెంగులో దాచుకున్న రొట్టె ముక్క తింటోంది. తమ్ముణ్ణి చూసి నమలడం ఆపేసింది. ఆ రోజే ఆమెను వెంటబెట్టుకుని వచ్చేశారు. ఆశ్రయంలో మొదటి మంచం ఆమెదే.

"చూసినావా అక్కా" అంటూ ఆయన ఆ మంచం మీద కూలబడ్డారు. "నా ఇల్లే నాకు ఎదురు తిరిగింది. పెండ్లాం పోయి బస్టాపులో నా పరువు దించి వచ్చింది. కూతురు ముందే సిద్ధం. నువ్వన్నా నా పక్కనుంటావా? మీటింగులో ఒక్క మాట చెప్పు, ఇక్కడ మాకే లోటూ లేదని."

రెబెక్కమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. బయటికే చూస్తోంది. ఆయన వీపుకు ఆనుకుందామని దిండు లాక్కుని వెనక్కి వాలారు.

దిండు కరకరలాడింది.

"ఇదేందక్కా, దూది ధర పెరిగిందని అప్పడాలు కుక్కినావా?" దిండు గలీబులో చెయ్యి పెట్టారు. బిస్కెట్ పొట్లం బయటకొచ్చింది. సగం తిన్నది, జాగ్రత్తగా రబ్బరు బ్యాండు వేసి ఉంది.

అక్క ముఖం పాలిపోయింది. ఆ చూపు ఆయనకు బాగా తెలుసు. ఆనాడు తీగ చాటున చూసిన చూపే.

"శుక్రవారానికిరా" అంది మెల్లగా. "బాత్రూములోకి తీసకపోయి తినేస్తా. నీళ్లు గట్టిగా వదిలితే శబ్దం రాదు."

ఆయన తలెత్తి అక్కను చూశారు.

"నేనొక్కదాన్నే అనుకోబాక. గంగులయ్య గడ్డం గీసుకునే డబ్బాలో పెట్టుకుంటాడు. అబిగయీలు చెప్పుల సంచిలో. అందరి దగ్గరా ఉంటాయి. ఒకరికొకరం ఇచ్చుకుంటాం కూడా." ఆమె చేతులు ఒళ్లో నలుపుకుంది. "మాలకొండమ్మకూ ఇయ్యబోయినా. తీసుకోలేదు. 'అయ్యకు మాటిచ్చి దొంగతనంగా తినేదా అక్కా, దేవుడు చూడడా' అనింది. మా అందరిలోకీ నీ ఉపవాసం నిజంగా ఉండింది ఆ మనిషొక్కతే."

బయట హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టింది. దానికి ఈసారి జవాబు వెళ్లలేదు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పినా నాయనా. ఎండాకాలంలో, నీళ్ల పంపు కాడ. శుక్రారం వస్తే కళ్లు తిరుగుతా ఉండాయిరా అని చెప్పినా. 'కళ్లన్నా తిరగనీ అక్కా, కాళ్లెటూ తిరగలేవు గదా' అన్నావు. అందరూ నవ్వినారు." ఆమె ఆగింది. "నేనూ నవ్వినా."

హెబ్రోను గారు ఆ పొట్లాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఇంతసేపూ ఆయన లోపల ఒకటే లెక్క నడుస్తోంది, తనకు ఎవరెవరు ద్రోహం చేశారని. పెళ్లాం, కూతురు, ఇప్పుడు బిస్కెట్లు దాచిన అక్క. ఆ వరసలో చివర ఎవరున్నారో చూడటానికి తిరిగితే, డబ్బా చేత్తో పట్టుకుని, నవ్వుతూ, మాత్ర మాత్రమే గదా అంటున్న మనిషి కనిపించాడు. అక్కకు పెరట్లో దొంగతిండి తిప్పలు తప్పించాలని తీసుకొచ్చి, ఆమెను బాత్రూములోకి తోసిన మనిషి.

"నా కొడుకింట్లో భయంతో దాచుకున్నా నాయనా" అంది రెబెక్కమ్మ, తమ్ముడి మనసులో మాట విన్నట్టు. "ఈడ భయం కాదు. నువ్వు నొచ్చుకుంటావని."

"రెండూ ఒకటే అక్కా" అన్నారాయన. ఇక కూర్చోలేక, దిండులో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. రెబెక్కమ్మ లేచి వచ్చి ఆయన తల నిమిరింది గానీ, ఏడవబాక అని మాత్రం అనలేదు.

*

గురువారం సాయంత్రం భోజనాల హాలు నిండింది. బెంచీల మీద వరండాలోని వాళ్లు, ఒక పక్క డాక్టరమ్మ, గుమ్మం దగ్గర గోడకానుకుని చిన్నపోలయ్య. ఈసారి చెప్పులు విప్పలేదు. బయట ఆటో ఆగి ఉంది. తల్లిని తీసుకుపోవడానికే పిలిపించాడని అందరికీ తెలిసిపోయింది.

కిషోర్ బాబు వచ్చీ రాగానే బావ చెవిలో గుసగుసలాడాడు. "బావా, ఎవరేమన్నా నీరసం దగ్గర గట్టిగా నిలబడు. నేను చూసుకుంటా."

"కూర్చో కిషోరూ" అన్నారు హెబ్రోను గారు. "నీ నమ్మకమే నన్ను ఇంతదాకా తెచ్చింది."

ఆయన లేచి నిలబడ్డారు. లేస్తే జోకు వస్తుందని అలవాటైన ముఖాలు కొన్ని అప్పుడే నవ్వడానికి తయారయ్యాయి. ఆయన వాటి మీంచి చూపు తిప్పి మాలకొండమ్మ వైపు చూశారు.

"మాలకొండమ్మా, నీకొచ్చింది నీరసం కాదు. ఏమీ తినకుండా షుగరు మాత్ర మింగినందుకు వచ్చింది. ఇయ్యొద్దని మా పాప చెప్పి పోయింది. సామ్రాజ్యం ఆపింది. దాని చేతిలోంచి డబ్బా లాక్కోని నేనే ఇచ్చినా. ఇచ్చి, ఆ సంగతి ఆసుపత్రి నడవాలో నిలబడి నీ కొడుకు దగ్గర దాచినా." ఆయన గుమ్మం వైపు తిరిగారు. "అబ్బయ్యా, నువ్వు నా కాళ్ల మీద పడబోతే, అప్పుడూ దాచినా."

చిన్నపోలయ్య గోడ వదిలి ముందుకు వచ్చాడు. అరుస్తాడనుకున్నారు. అరిచినా బాగుండేది.

"తప్పు ఎవరైనా చేస్తారయ్యా" అన్నాడు మెల్లగా. "గాలి చూసుకోకుండా నేనూ పడవ తిప్పినా. మా వాళ్లు నీళ్లలో పడినారు. కానీ ఒడ్డుకొచ్చి గాలిదే తప్పని చెప్పలేదు. మీ మాట నమ్మి, రాత్రంతా నీళ్లలో నిలబడి మీకోసరం మంచి రొయ్యలు ఏరినా. అది తలుచుకుంటే కడుపు మండతా ఉండాది. పదమ్మా, ఇంటికి పోదాం."

మాలకొండమ్మ లేవలేదు. "నువ్వు వేటకు పోతే నన్ను ఎవరు చూస్తార్రా? ఈడ నాకు నలుగురుండారు." ఆమె హెబ్రోను గారి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అంతకుముందు ఉండే భక్తి కూడా లేదు. "నేనుంటానయ్యా. కానీ మాత్ర మీ చేత్తో ఇస్తే మింగను."

"మింగబాకమ్మా" అన్నారాయన.

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. ఎవాంజెలిన్ నెలల తరబడి అడిగి నవ్వుల్లో పోగొట్టుకున్నవన్నీ ఆ సాయంత్రం ఒక్కొక్కటే తేలాయి. మందుల దగ్గర నర్సు మాటే చివరి మాట, చైర్మన్ వచ్చి నిలబడినా సరే. ఉపవాసం ఉంటారా అని అందరి ముందూ కాదు, ఒక్కొక్కరినీ పక్కన కూర్చుని నర్సే అడగాలి. ఎవరికి ఏమైనా, ఆ పూటే వాళ్ల ఇంటికి ఉన్నదున్నట్టు చెప్పాలి. కమిటీలో డాక్టరమ్మ ఉండాలి, వరండాలో వాళ్లు ఎంచుకున్న మనిషి ఒకరుండాలి, వాళ్ల ఇళ్ల తరఫున ఒకరుండాలి. "ఆ ఒకరు నేనుంటా" అన్నాడు చిన్నపోలయ్య, అందరికన్నా ముందు. ఆటోను పంపించేసి వచ్చాడు.

హెబ్రోను గారు తను ఎప్పుడూ కూర్చునే చేతుల కుర్చీ వైపు చూశారు. "చైర్మన్ అంటే చైర్ మనదని ఇన్నాళ్లూ అనుకున్నా. మనది కాదు. మా ఇంటి మనిషి కానోళ్లను ఎవరినన్నా కూచోబెట్టండి."

ఎవరూ నవ్వలేదు. అది జోకు కాదని అందరికీ తెలిసింది. ప్రేమలీల మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

శుక్రవారం పొద్దున భోజనాల హాల్లోంచి ఇడ్లీ ఆవిరి వచ్చింది. శుక్రవారాల్లో ఆ హాలుకు ఆ వాసన కొత్త. హెబ్రోను గారు చేతిలో ఏ డబ్బా లేకుండా వరండా చివర నిలబడ్డారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు. దూరంగా ఎవాంజెలిన్ మాలకొండమ్మ పక్కన కూర్చుని ఉంది.

"నేను ఒక్కపొద్దే ఉంటా పాపా. అది నా ఇష్టం."

"ఉండమ్మా. ఈ పూట నీకు ఆ మాత్ర లేదు. నీళ్లు తాగతా ఉండాల. గంటకోసారి వచ్చి వేలు గుచ్చి చూస్తా. తగ్గినట్టుంటే పాలు తాగాల. సరేనా?"

"గుచ్చుకో. వల అల్లే చేతికి సూదొక లెక్కా."

గంగులయ్య ప్లేటు పట్టుకుని నేరుగా హెబ్రోను గారి దగ్గరికి వచ్చాడు. "సాంబారులో ఉప్పు జాస్తిగా ఉండాది."

ఇన్నేళ్లలో ఆ వరండాలో ఆయన విన్న మొదటి ఫిర్యాదు అది. ఉప్పు మీద జోకు నాలుక చివరిదాకా వచ్చింది. చాలా మంచి జోకు. దాన్ని గుటకేసి మింగారు.

"అట్టనా? పద, వంటింట్లో ఇద్దరం కలిసి చెబుదాం."

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న ప్రేమలీల, గంగులయ్య మాట పూర్తిగా విని, సాంబారు గిన్నె లోపలికి తీసుకుపోయింది. వెళ్తూ భర్త చేతిని తాకింది. "కాఫీ కలపనా?" అంది.

"ఈపొద్దు నేను ఉపవాసం ప్రేమా. నేనొక్కడినే, ఎవరికీ చెప్పకుండా."

"నాకు చెప్పినారు గదా" అంది ఆమె. మంగళవారం తర్వాత ఆయనతో నవ్వడం అదే మొదలు.

మొదటి గదిలోంచి రెబెక్కమ్మ ప్లేటు పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. వరండా మధ్యలో, అందరికీ కనిపించేలా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇడ్లీ ముక్క తుంచి, చట్నీలో అద్ది, పాత అలవాటు కొద్దీ తమ్ముడి ముఖం వైపు చూసింది. ముక్క నోటి దగ్గరే ఆగింది.

"తినేదా తమ్ముడా?"

ఆయన కళ్లు నిండిపోయాయి.

"నన్నడగబాకక్కా" అన్నారు. "నువ్వు తిను."

ఆమె తిన్నది. నమలడం ఎక్కడా ఆపలేదు.